సగం నల్లటి అద్దంతో పెనుకొండకి

ఈ ప్రయాణం గురించి రాయమని పత్రికవాళ్ళు అడిగి రెండేళ్ళు దాటింది. అప్పుడు నాలుగు ఫోటోలు ఇచ్చి తప్పించుకున్నాను. ఫోటోలు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. బ్రహ్మాండంగా ఉన్నాయి కాబట్టే రాయడానికి చెయ్యి రాలేదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం చూడనివాళ్ళు ఇది చదివి వెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి. మనుషులు మంచివాళ్ళు, తిండి కారం, కొండలు ఎటు చూసినా కొండలే. నాలాంటివాడిని మాత్రం వెంట తీసుకెళ్ళకండి.

నాది భీమవరం దగ్గర పల్లె, ఉండేది విజయవాడలో, బతికేది కేలండర్లకి ప్రకృతి దృశ్యాలు తీసి. నా సంచీలో అరచేతిలో పట్టేంత పలకొకటి ఉంటుంది. గట్టి ప్లాస్టిక్ లాంటిదే గాని మేమంతా అద్దమనే అంటాం. దాని పైసగం పొగచూరినట్టు నల్లగా, కింది సగం మామూలు కిటికీ అద్దంలా ఉంటుంది. పూర్తి పేరు గ్రాడ్యుయేటెడ్ న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్. పేరు పొడుగే గాని పని చిన్నది. మన కంటికి నేలా ఆకాశమూ ఒకేసారి కనిపిస్తాయి, ఫిల్ముకి అంత ఓపిక లేదు. నేల రంగు తెద్దామంటే ఆకాశం తెల్లగా కాలిపోతుంది, ఆకాశాన్ని కాపాడదామంటే నేల మసైపోతుంది. లెన్సు ముందు ఈ అద్దాన్ని దూర్చి, నల్లసగాన్ని ఆకాశం మీదకి, తేటసగాన్ని నేల మీదకి జరిపితే రెండూ దారికొస్తాయి. రెండు సగాలూ కలిసే గీత సరిగ్గా నేలా ఆకాశమూ కలిసే చోట కూర్చోవాలి, అదే ఇందులో విద్య. మా వరిచేలు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి ఆ విద్య నాకు బాగా వచ్చనుకునేవాడిని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక కేలండర్ల ఆయన పన్నెండు నెలలకి పన్నెండు ఆకాశాలు కావాలన్నాడు. సీమలో కార్తీకంలో మబ్బులు వస్తాయి, కురవవు, కానీ చూడ్డానికి బాగుంటాయి అని ఎవరో చెప్పారట. కురవని మబ్బు కోసం సంచీ సర్దుకుని రైలెక్కాను.

ధర్మవరం

స్టేషన్ బయట ఆటో అతను "ఏమప్పా, యాడికి పోవాల?" అన్నాడు. నాకు చురుక్కుమంది. మా వైపు ముక్కూ మొహం తెలియనివాడిని అండీ అనకుండా పిలిస్తే తగువే. రెండు రోజులు పోయాక గాని ఆ అప్పాలో మా అండీలో లేని దగ్గరితనం ఉందని తెలియలేదు. తెలిసినందుకు సంతోషించాను. దానికి తగ్గట్టు నడుచుకున్నానా అంటే, లేదు.

బస్టాండు ఎదురుగా ఒకామె ఆరు రూపాయలకి ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు పెట్టింది. మరమరాలు నానబెట్టి, పిండి, తాలింపు వేసి, పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. మా ఇళ్ళలో మరమరాలు పిల్లలకి పొట్లం కట్టి ఇచ్చే చిరుతిండి, ఇక్కడ పెద్దవాళ్ళ పొద్దుటి భోజనం. రెండో ముద్దకే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చెంబుడు నీళ్ళు ముందు పెట్టి, ఇది మా ఇంట్లో చంటిపిల్లలకి కలిపే కారమని చెప్పింది. నిజమో, నన్ను ఆటపట్టించిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

లాడ్జి మేనేజరు నన్ను వెంకటేశు అనే నేతగాడి ఇంటికి తీసుకెళ్ళాడు. వెంకటేశు గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం మీద పట్టుచీర నేస్తున్నాడు, ఎర్ర చీరకి పచ్చ అంచు. కిటికీ వెలుతురులో రెండు ఫోటోలు తీశాక, నేను పక్కన పెట్టిన అద్దాన్ని అతను చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎదురు పట్టాడు. నల్లదనం ఎక్కడ మొదలై ఎక్కడ కరిగిపోతోందో వేలితో తడిమి చూశాడు. తోటి ఫోటోగ్రాఫర్లకి గంటసేపు చెప్పినా ఎక్కని సంగతి అతనికి చెప్పకుండానే అర్థమైంది.

"అంచూ బాడీ కలిసే చోటే సార్ నేతంతా. ఆడ కలిసినట్ల కనబడిందంటే చీర రెండో రకం కింద పోతాది," అన్నాడు. మళ్ళీ కాసేపు చూసి అడిగాడు, "ఇది గీత గీసినట్ల నేరుగా ఉండాది గదా. మీ ముందర ఉండేది వంకరగా ఉంటే ఎట్ల చేస్తారు?"

వంకరగా ఉన్నవాటిని వదిలేస్తానని, నా అద్దానికి నప్పే చోటే నిలబడతానని గొప్పగా చెప్పాను. వెంకటేశు తల ఊపి మళ్ళీ నేతలో పడ్డాడు. నేను నా జవాబు బాగుందనుకుంటూ బయటికి వచ్చాను.

సాయంత్రం చిత్రావతి నదిలో ఆకాశం నీడ తీద్దామని వెళ్ళాను. ఎంత నడిచినా ఇసుకే. గొర్రెలు తోలుకుంటున్న ముసలాయన్ని ఏరు ఎక్కడుందని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నువ్వు నిలబడిందే ఏరు అన్నాడు. ఆ మాట విని వెనక్కి అడుగేశానో లేదో, ట్రైపాడ్ కాలు ఇసుకలో దిగి కెమెరాతో సహా బోర్లాపడ్డాను. ఆయన నవ్వలేదు, గొర్రెలని నా చుట్టూ మళ్ళించుకుని పోయాడు. మోకాలు చెక్కుకుపోయింది, కెమెరాకి ఏమీ కాలేదు. ఆ ప్రయాణంలో నా వస్తువులకి ఏమీ కాలేదు.

పెనుకొండ

బస్సు దిగగానే కొండ మీదపడుతుంది. ఊరికి వెనక గోడలా ఉండి, ఒంటినిండా పాత కోట రాళ్ళు. ఒకటిన్నర రోజు ఆ కొండతో కుస్తీ పట్టాను. గీతని నేల దగ్గర పెడితే కొండ తల నల్లసగంలోకి పోయి బొగ్గవుతుంది. గీతని పైకి జరిపితే కొండ పక్కన ఆకాశం తెల్లగా కాలిపోతుంది. వెంకటేశు అడిగిన ప్రశ్న గుర్తొచ్చి కోపం వచ్చింది. నా మీద కాదు, కొండ మీద.

వెలుతురు కొలిచే లైట్ మీటరులో సెల్ అయిపోతే బస్టాండు వీధిలో ఫోటో స్టూడియోకి వెళ్ళాను. ఓనరు పేరు సామ్యేలు, అరవై దగ్గరపడిన మనిషి. గోడలనిండా పెళ్ళిళ్ళు, రేషన్ కార్డుల ముఖాలు, చర్చిలో తీసిన గుంపు ఫోటోలు. సెల్ ఇచ్చి, కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. డబ్బు ఇవ్వబోతే, టీకి తీసుకుంటే మా ఊరికి చెడ్డపేరన్నాడు. అద్దం చూపిస్తే అటూ ఇటూ తిప్పి, నవ్వు ఆపుకుంటూ తిరిగి ఇచ్చాడు.

ఆ పని తను చేత్తో చేస్తానన్నాడు. చీకటి గదిలో ప్రింటు వేసేటప్పుడు నేల భాగానికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఆకాశానికి ఇంకాస్త వెలుతురు తాగిస్తాడట, కాలిపోయిన మబ్బులు కాగితం మీదకి వస్తాయట. "చెయ్యి కొండ మాదిరి వంగుతాది సార్. మీ అద్దం వంగదు," అన్నాడు. నేనూ నవ్వాను. చిన్న ఊరి పనితనం కదా అని లోపల అతన్ని ఒక మెట్టు కింద కూర్చోబెట్టాను.

అప్పుడే అంజినప్ప వచ్చాడు. నలభై దాటిన రైతు, గోరంట్ల దోవలో ఒక పల్లె. ఆ వారంలో స్టూడియోకి రావడం మూడోసారట. అతనికి మూడెకరాల చేను. పోయినేడు వేరుశనగ కాయ పట్టలేదు, ఈ ఏడు అసలు కాయ కట్టే ఊడలే నేలలోకి దిగలేదు. శనివారం భార్యతో కలిసి బెంగుళూరు కట్టడం పనికి పోతున్నాడు. పోయే ముందు తన చేలో నిలబడి ఒక ఫోటో కావాలి. స్టూడియోలో తెర ముందు వద్దు, చేలోనే కావాలి. ఎందుకని నేనే అడిగాను.

"ఆడ అందరూ నాకు నేలుండాది అంటారు సార్. రాయచూరోడూ అంటాడు, గుల్బర్గావోడూ అంటాడు. ఎవురి మాట ఎవురూ నమ్మరు. పోయినేడు మేస్త్రీ నవ్వినాడు, మీ నేలలన్నీ మీ నోట్లోనే ఉంటాయప్పా అని. నా మొగమూ నా నేలా ఒగ ఫోటోలో రావాల. అంతే," అన్నాడు.

సామ్యేలు శుక్రవారం వస్తానన్నాడు. గురువారం పెళ్ళి ఒప్పుకున్నాడు. పగలైనా సరే ఫ్లాష్ కొట్టాలి, లేకపోతే వెనక ఆకాశం వెలుగుకి ముఖం నల్లగా వస్తుందని అంజినప్పకి చెబుతున్నాడు. నేను మధ్యలో దూరాను. పెళ్ళికూతురి మీద కొట్టినట్టు చేలో రైతు మీద ఫ్లాష్ కొడతారా అన్నాను. రేపు సాయంత్రం నేనే వచ్చి తీస్తాను, నా దగ్గర అద్దం ఉంది, మబ్బూ చేనూ మనిషీ అన్నీ వస్తాయి, పైసా అక్కర్లేదు అన్నాను. అడిగినవాడు లేడు. నా విద్య సామ్యేలుకి చూపించాలన్న ఉబలాటం, అంతకన్నా ఏమీ లేదు.

"మొగం వస్తాదా సార్, ఆ అద్దంలో?" అని సామ్యేలు ఒక్కసారి అడిగాడు. వస్తుందన్నాను. అంజినప్ప సామ్యేలు వంకా, నా వంకా, నా మెడలో వేలాడుతున్న కెమెరా వంకా చూసి కెమెరా వైపు మొగ్గాడు. ఎవరైనా అటే మొగ్గుతారు.

గుండు దగ్గర

గురువారం మధ్యాహ్నం బస్సు దిగి అతని చేనుకి నడిచాను. రెండు ఫిల్ము రీళ్ళు లాడ్జిలోనే వదిలేశాను, బరువని కాదు, ఒక్క మనిషి ఫోటోకి కొత్త రీలు ఎందుకని. కెమెరాలో ఇంకా నాలుగు ఫోటోలు మిగిలున్నాయి. నాలుగు చాలనుకున్నాను.

చేను మూలన పడుకున్న ఎద్దంత గుండు, మనవైపు బండరాయి అంటామే అది. దూరంగా పడమట పెనుకొండ కొండ. అంజినప్ప నీలం చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని సిద్ధంగా ఉన్నాడు. చొక్కా మడతలు ఇంకా పోలేదు. చేలో పెద్ద వామి ఒకటి వేసి ఉంది. ఎండిపోయిన వేరుశనగ చెట్లని పొద్దుటినుంచి భార్యాభర్తలిద్దరూ పీకి, పంట నూర్పిడికి సిద్ధమైనట్టు కుప్ప పేర్చారు. నేనొక చెట్టు లాగి చూశాను. వేళ్ళకి ఒక్క కాయ లేదు. అంజినప్ప సిగ్గుపడ్డాడు.

"కాయ ఉండాదో లేదో ఫోటోలో కనబడదు గదా సార్," అన్నాడు.

ఆ మనిషిని చూస్తే నాకు ముచ్చటేసింది. అతనూ నాలాగే దృశ్యాన్ని సర్దుతున్నాడు. కాకపోతే అతను సర్దింది మనుషుల ముందు తల ఎత్తుకోవడానికి, నేను సర్దేది కేలండరు అమ్ముడుపోవడానికి. ఆ తేడా ఆ రోజు నాకు తట్టలేదు, ఇక్కడ రాస్తుంటే తడుతోంది.

అతని భార్య నరసక్క నీడలో కూర్చోబెట్టి రాగిసంగటి, ఊరుబిండి పెట్టింది. ఊరుబిండి అంటే వేరుశనగ గింజల రోటి పచ్చడి. పోయినేటి గింజలు, డబ్బా అడుగున ఉన్నవని ఆమే చెప్పింది. సంగటి ముద్దని నేను అన్నంలా నములుతుంటే ఇద్దరూ నవ్వారు. నమలకూడదట, పచ్చడి అద్ది మింగెయ్యాలట. మూడో ముద్దకి పట్టుబడింది. మా ఇంట్లో అంత ప్రేమగా పరాయివాడికి పెట్టడం నేను చూడలేదు, మాకు కాలవ నీళ్ళూ రెండు పంటలూ ఉన్నా సరే.

పొద్దు వాలాక అతన్ని వామి ముందు నేల మీద కూర్చోబెట్టాను. ట్రైపాడ్ నిలిపి, అద్దం దూర్చి, గీతని చేను అంచుకి జరిపాను. కొండ ఒక పక్కకి పోయింది, మిగతా అంచు బల్లపరుపుగా కుదిరింది. అంజినప్ప ముఖం గీతకి కింద, తేటసగంలో ఉంది. మీటరు పెట్టి చూశాను. ముఖం వస్తుంది, వామి వస్తుంది, మబ్బు వస్తుంది. అప్పుడే నొక్కి ఉంటే అతనికి కావలసిన ఫోటో అతనికి ఉండేది, నాకు ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

నొక్కలేదు. కొండ వెనకనుంచి మబ్బులు తోమిన రాగిచెంబు రంగుకి తిరిగాయి. ఇది జనవరి పేజీ అనుకున్నాను. కూర్చున్న మనిషి వామి ముందు చిన్నగా, కుప్పలో కలిసిపోయినట్టు కనిపించాడు. జనవరికి అది చాలదు. గుండు ఎక్కి నిలబడమన్నాను. చెప్పులు కింద విడిచి ఎక్కాడు, తన రాయి మీదకే చెప్పులు విడిచి ఎక్కాడు. అతని తల చుట్టూ అంతా ఆకాశమే. కెమెరాలోంచి చూస్తే ఒళ్ళు గగుర్పొడిచింది.

ఛాతీ నుంచి పైకి మనిషంతా నల్లసగంలోకి వెళ్ళిపోయాడు. నేను చూశాను. చూడలేదనీ, హడావుడిలో గమనించలేదనీ ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళకి చెప్పాను. అబద్ధం. చూసి నొక్కాను. మళ్ళీ నొక్కాను.

"మొగం వస్తాండాదా సార్?" అని పైనుంచి అడిగాడు.

వస్తోంది, కదలకు అన్నాను.

ఇంకా రెండు ఉన్నాయి. అద్దం పైకి లాగేసి, ముఖానికి మీటరు పెట్టి అతని కోసం ఒకటి తీద్దామనుకున్నాను. ఆకాశం తెల్లగా పోతుంది, పోతే పోయింది, అతనికి ఆకాశంతో పని లేదు. గాడిలోంచి అద్దాన్ని పైకి లాగడం ఒక్క వేలి పని. వేలు దాని మీదే ఉంది. అంతలో మబ్బు చీలికలోంచి కిరణం ఒకటి దిగింది. మూడోది నొక్కాను. ఆ కిరణం పక్కన ఇంకొకటి దిగింది. నాలుగోది కూడా నొక్కాను. తర్వాత మీట తిప్పితే తిరగలేదు, ఫిల్ము అయిపోయింది.

అయిపోయిందా అని అడిగాడు. అయింది, బాగా వచ్చిందన్నాను. దిగి, చెప్పులేసుకుని, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నరసక్క ఇందాకటినుంచి జుట్టు సర్దుకుని పక్కనే నిలబడి ఉంది. ఆమెని కూడా ఒక ఫోటోలో నిలబెట్టాలని నాకు తట్టలేదు. ఆమెకి తట్టిందేమో, అడగలేదు.

శుక్రవారం ఒక రోజంతా ఉంది. లాడ్జిలో రీళ్ళున్నాయి, సామ్యేలు దగ్గర ఫ్లాష్ ఉంది, అంజినప్ప ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. ఐనా పొద్దున్నే హిందూపురం బస్సెక్కాను. స్లైడు ఫిల్ముని కడగకుండా పాడైందని ఎలా అంటాం, లాబుకి వెళ్ళాక చూద్దాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇలాంటివి చెప్పుకోవడంలో నాది అందెవేసిన చెయ్యి. బస్సు సామ్యేలు స్టూడియో ముందునుంచే పోయింది. నేను అటువైపు కిటికీ దగ్గర కూర్చోలేదు.

హిందూపురం

ఇది సగం తెలుగు, సగం కన్నడం ఊరు. కొట్టువాడు కన్నడంలో మొదలుపెట్టి, నా మొహం చూసి తెలుగులోకి దిగి, చిల్లర దగ్గరికి వచ్చేసరికి చిల్లరె ఇల్వా అని మళ్ళీ కన్నడంలో తేలతాడు. మార్కెట్లో చింతపండు గుట్టలు, మిరపకాయల బస్తాలు. గేటు దాటకముందే తుమ్ములు మొదలై, మార్కెట్టంతా తుమ్ముతూనే తిరిగాను. హమాలీలు నన్ను చూసి, ఈ సారుకి ముక్కుకి కూడా ఒక అద్దం కావాలన్నారు. రాత్రి భోజనంలో ఓళిగ పెట్టారు, మన బొబ్బట్టే గాని పల్చగా కాగితంలా చేసి నెయ్యి ధారాళంగా పోస్తారు. మా పెళ్ళిళ్ళలో కూడా అంత మంచి బొబ్బట్టు తినలేదు. కానీ నాకు తిండి సరిగా దిగలేదు. అద్దం మీద పెట్టిన నా వేలే గుర్తొస్తూ ఉంది.

శనివారం నా రైలు కోసం స్టేషన్లో కూర్చుని ఉంటే, ముందు బెంగుళూరు పోయే ప్యాసింజరు వచ్చి ఆగింది. పెట్టెలనిండా మూటలు, తట్టలు, పారలు. నన్ను ఎవరో పిలుస్తున్నారు. చూస్తే కిటికీలో నీలం చొక్కా. వాళ్ళు శనివారం పోతున్నారని నాకు తెలుసు, అదే దారిన పోతారనీ తెలుసు. ఆ సంగతే తలుచుకోకుండా వచ్చి కూర్చున్నాను.

అంజినప్ప ముఖం వెలిగిపోతోంది. పెట్టెలో అందరికీ నన్ను చూపించి, నా నేల ఫోటో తీసింది ఈ సారే అన్నాడు. పక్కనున్న పెద్దాయన ఏదీ ఫోటో అని అడిగితే, ఇంకా కడగల్ల గదా, బెజవాడ పోయి కడిగి పంపిస్తాడని అంజినప్పే నా తరఫున చెప్పాడు. అందరూ నన్ను గౌరవంగా చూశారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

కెమెరాలో కొత్త రీలు ఉంది. దిగు అంజినప్పా, బండి ఇంకా ఆగుతుంది, ముఖం దగ్గరగా ఇంకోటి తీస్తాను అన్నాను. అద్దం తీసి సంచీలో పడేశాను.

"ఆ పొద్దు వచ్చిందంటిరి గదా సార్?"

వచ్చింది, ఇంకోటి ఉంటే మంచిదని అన్నాను. అతను కిటికీలోంచి ప్లాట్‌ఫారాన్ని అటు చివరినుంచి ఇటు చివరిదాకా చూశాడు. సిమెంటు బెంచీ, టీ బండి, ఊరి పేరు రాసిన పసుపు బోర్డు. ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"ఈడ తీస్తే నా మొగం ఒగటే వస్తాది సార్. నేల యాడుండాది ఈడ?"

నిజం చెప్పెయ్యడానికి అదే ఆఖరి అవకాశం. నీ ముఖం రాలేదు, దిగి వెనక్కి పోదాం పద, మళ్ళీ తీస్తానని అనొచ్చు. ఒక్క రోజు కూలి పోయేది, అంతే. అనలేదు. ఫోటో ఎక్కడికి పంపాలో అడిగాను. సామ్యేలు స్టూడియోకి పంపమన్నాడు, ఉగాదికి వచ్చి తీసుకుంటాడట. బండి కదిలేటప్పుడు నరసక్క కిటికీ ఊచల మధ్యనుంచి గుప్పెడు ఉడికించిన కాయలు నా చేతిలో పోసింది. చేనంతా వెతికితే ఆ మాత్రం దొరికాయట. ఒలిచి చూశాను, పప్పు బియ్యపు గింజంత ఉంది. అన్నీ తిన్నాను, పారెయ్యడానికి చేతులు రాలేదు.

విజయవాడ

మూడు వారాలకి మద్రాసు లాబునుంచి స్లైడ్లు వచ్చాయి. లైటు పెట్టె మీద పరిచి భూతద్దం పెట్టాను. నాలుగూ నాలుగే. మబ్బులు నేను ఎన్నడూ తీయనంత గొప్పగా ఉన్నాయి. వామి బంగారంలా ఉంది, అసలు కాయ లేని వామి అని ఎవరూ అనలేరు. గుండు మీద అంజినప్ప పాదాలకి పగుళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. ఛాతీ నుంచి పైకి బొగ్గు. కళ్ళు లేవు, ముక్కు లేదు, నూనె రాసిన జుట్టు లేదు. మామూలు నెగటివు అయితే చీకట్లోంచి కొంచెమైనా లాగొచ్చు. స్లైడులో నల్లగా పడిందంటే అక్కడ ఏమీ లేనట్టే.

కేలండరు ఆయన గంతులేశాడు. ముఖం లేకపోవడమే దీని అందమండీ, ఎవరైనా కావచ్చు అన్నాడు. జనవరి పేజీకి అదే వేశారు. కింద ఆ ఊరి పేరు లేదు, ఆ మనిషి పేరు లేదు. తోటి ఫోటోగ్రాఫర్లు ఫోన్ చేసి, ఏ ఫిల్టరు వాడావు, ఎన్ని స్టాపుల నలుపని అడిగారు. చెప్పాను. మెచ్చుకుంటే సంతోషం కూడా వేసింది, అది దాచి ప్రయోజనం లేదు.

పెద్ద ప్రింటు ఒకటి వేయించి సామ్యేలుకి పంపాను. వెలుతురు సహకరించలేదని, ముఖం వరకు ఆయన చేత్తో ఏదైనా చెయ్యగలడేమో చూడమని ఉత్తరం రాశాను. వెలుతురు సహకరించలేదట. ఆ సాయంత్రం సహకరించనిది వెలుతురు ఒక్కటే కాదు.

ఉగాది వెళ్ళాక వారానికి అట్టలు పెట్టి కట్టిన కవరు వచ్చింది. లోపల నా ప్రింటు, పైసగం మాత్రమే. రాగి రంగు ఆకాశం, రెండు కిరణాలు, మధ్యలో నల్లటి తల, భుజాలు. కింద చేను అంచు వెంబడి కత్తెరతో శుభ్రంగా కోసి ఉంది. నేను అద్దం గీత ఎక్కడ కూర్చోబెట్టానో సరిగ్గా అక్కడే. దాంతోపాటు సామ్యేలు ఉత్తరం, రూళ్ళ కాగితం మీద.

"సార్‌కి నమస్కారములు. ఫోటో అందినది. ఫిల్ములో రవ్వంత ఉన్నా నేను చేత్తో తెచ్చేవాడిని. లేనిదాన్ని యాడ నుంచి తేవాల. అంజినప్ప ఉగాదికి వచ్చినాడు. శానా సేపు చూసినాడు. ఇది నేనే అని చెప్పితే ఆడ ఎవురు నమ్ముతారు సామ్యేలన్నా అని అడిగినాడు. స్టూడియోలో మొగం తీస్తా, దీనికి అతికిస్తా అంటే వద్దన్నాడు. కత్తెర అడిగి తీసుకొని తనే కోసినాడు. చేను, వామి, తన కాళ్ళు ఉండే ముక్క పేపర్లో చుట్టుకొని బెంగుళూరు తీసకపోయినాడు. ఈ ముక్క నేను చెత్తలో వేయబోతే ఆపినాడు. అంజినప్ప చెప్పిన మాట అట్లే రాస్తాండా, తప్పుగా అనుకోవద్దండి. ఆయప్ప అంత దూరం నుంచి వచ్చింది ఆకాశానికి గదా, ఆకాశం ఆయప్పకే పంపియ్యి అన్నాడు."